నేను మార్చిన చెయ్యి

ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. మొన్నామధ్య మా క్లబ్బు వాళ్ళు ఒక సావనీరు వేశారు. నున్నటి కాగితం, రంగుల ఫొటోలు, ముందు పేజీల్లో నగల కొట్ల ప్రకటనలు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ క్లబ్బు టెన్నిస్ కోర్టుల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి నా గురించి కూడా అరపేజీ కేటాయించారు. నాలుగైదేళ్ళ పసిపిల్లలకు సైతం ఓర్పుగా టెన్నిస్ నేర్పానని, పుట్టుకతో ఎడమచేతి వాటం ఉన్న ఒక పాపను కొద్ది నెలల్లోనే కుడిచేతి ఆటకు తిప్పేశానని, అది నా నేర్పుకు నిదర్శనమని అందులో రాశారు. సభలో శాలువా కప్పేటప్పుడు మైకులో అదే చదివారు. జనం చప్పట్లు కొట్టారు. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి స్టేజీ దిగాను.

ఆ నమస్కారం పెట్టినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. వాళ్ళు రాసింది అబద్ధం కాదు. ఆ పాప చెయ్యి మార్చింది నేనే. కానీ అది నేర్పు కాదు. అదేమిటో తెలిసినవాళ్ళం నలుగురం. అందులో ఒకరు కాలం చేశారు. ఒకరికి అప్పుడు ఐదేళ్ళు. మిగిలిన ఇద్దరిలో రాసే అలవాటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అచ్చులో వచ్చిన మాటకు అచ్చులోనే జవాబుండాలని నా నమ్మకం. పుస్తకాల మధ్య బతికినవాణ్ణి, నాకు ఇంకో దారి తెలియదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. మాది ధవళేశ్వరం దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా కూలిపనికి వెళ్ళేవారు. నా గొంతు బాగుంటుందని పాస్టరు గారు ఆదివారాలు చర్చిలో పాఠం నాచేత చదివించేవారు. అక్షరాల పిచ్చి అక్కడ పట్టుకుంది. పదో తరగతి పాసయ్యాక చదివించే స్తోమత ఇంట్లో లేదు. రెండేళ్ళు అవీ ఇవీ చేసి, రాజమండ్రి క్లబ్బులో కోర్టు పనికి చేరాను. తెల్లారకముందే మట్టి కోర్టు తడపడం, రోలరు లాగడం, సున్నంతో గీతలు గీయడం నా పని. మెంబర్లకు జోడీ తక్కువైతే అవతలి వైపు నిలబడి ఆడాలి. అలా ఆడే పనివాణ్ణి క్లబ్బుల్లో మార్కరు అంటారు. మెంబర్లకు నా పేరూ అదే. "ఏమోయ్ మార్కరూ, రెండు గేములు కొడదామా?" అంటే వెళ్ళి కొట్టాలి. కానీ గెలవకూడదు. ఓడిపోతున్నట్టు కనబడకుండా ఓడిపోవడం నేను నేర్చుకున్న మొదటి విద్య. దానికి పుస్తకం అక్కర్లేకపోయింది.

పదకొండింటికి కోర్టులు ఖాళీ అయ్యేవి. మళ్ళీ నాలుగింటి దాకా పనుండేది కాదు. ఆ ఐదు గంటలూ గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. మొదట కథలు, ఆ తర్వాత శరీరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఆపైన నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు పుస్తకాలు. ఒక్క పేజీకి ఒక పూటంతా పట్టిన రోజులున్నాయి. ఒకసారి ఎవరో దానమిచ్చిన పాత పుస్తకాల గుట్టలో, పసిపిల్లలకు ఆటలు ఎలా నేర్పాలో చెప్పే పుస్తకం ఒకటి దొరికింది. దానికి అట్ట లేదు. రాసినాయన పేరున్న పేజీ కూడా లేదు. దాన్ని ఏడు నెలలు చదివాను. రెండు నోటుపుస్తకాలు నింపాను. కోచింగ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు కొద్దిరోజులు పాఠాలు విని తెచ్చుకునేదాన్ని నేను ఏడు నెలలు బల్ల మీద వంగి సంపాదించుకున్నాను. ఇది గర్వమే. దాచను.

అందుకే, చిన్నపిల్లలకు కూడా టెన్నిస్ పెడితే బాగుంటుందని మెంబర్లు కొందరు అడిగినప్పుడు, బయటినుంచి కోచ్‌ని తెప్పించడం ఎందుకు దండగని కమిటీ నా వైపు చూసినప్పుడు, నేను తయారుగా ఉన్నాను. వెనకాల ఎవరూ ఆడని మూడో కోర్టు నాకిచ్చారు.

పదహారుమంది పిల్లలు. నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళు. ఆ వయసువాళ్ళకు పెద్ద రాకెట్టు ఇస్తే అది వాళ్ళని ఆడిస్తుంది. అందుకని వడ్రంగి చేత ప్లైవుడ్ బ్యాట్లు కోయించాను. నాతో పనిచేసే అతను కాకినాడ హార్బరులో చుట్టాల దగ్గర్నుంచి చిరిగిన చేపల వల తెచ్చాడు. దాన్ని మోకాలెత్తున కట్టి నెట్ అన్నాను. మొదటి పదిహేను రోజులు బంతి లేదు, ఉత్త బెలూన్లే. బెలూన్ నిదానంగా దిగుతుంది. పిల్ల దాన్ని చూడ్డానికి, అటు నడవడానికి, చెయ్యెత్తడానికి టైముంటుంది. అది నా పుస్తకంలో ఉంది. గోదాట్లో పడవ మీద నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడమనేవాణ్ణి. అది పుస్తకంలో లేదు, నాదే.

పదహారుమందిలో ఏ క్షణంలో చూసినా ఆడేవాళ్ళు ఐదుగురు. మిగతా వాళ్ళలో ఒకడు చీమల బారు చూస్తుంటాడు. ఒకతి బూటు లేసు కోసం ఏడుస్తుంది. ఇద్దరు దేనికో కొట్టుకుంటారు.

"మాస్టారండీ! వీడు బంతిని తొక్కాడండీ!"

"తొక్కితే ఏమైందిరా, బంతికి నొప్పి పుట్టిందా?"

"కళ్ళకద్దుకోలేదండీ!"

పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకోవాలని ఇళ్ళల్లో నేర్పుతారు కదా. బంతి కూడా పుస్తకం లాంటిదేనని వాళ్ళలో వాళ్ళే తీర్మానించుకున్నారు. ఎవరి కాలు తగిలినా ఆట ఆగిపోయేది. తొక్కినవాడు వంగి, బంతి తీసి, కళ్ళకద్దుకునే దాకా అందరూ నిలబడి చూసేవారు. కింద పడ్డ బంతిని రాకెట్టుకీ బూటుకీ మధ్య ఇరికించి పైకి లేపే పద్ధతి ఒకటుంది. దాన్ని చూపిస్తే ఒక్కరూ చెయ్యలేదు. రాకెట్టుకి కాలు తగిలించడమా అని నా వంక అదోలా చూశారు. సరేలెమ్మని వదిలేశాను. ఇంటి నుంచి తెచ్చుకున్న అలవాటు ఆటకు అడ్డం రానప్పుడు దాంతో పోట్లాడక్కర్లేదు. అడ్డం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కూడా నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడం వేరు.

ముప్పై ఏళ్ళూ మార్కరు అని పిలిపించుకున్న నన్ను మాస్టారూ అని పిలిచింది ఆ పిల్లలే. ఆ పిలుపు నాకెంత రుచించిందో ఇక్కడ ఒప్పుకోవాలి. తర్వాత జరిగినదానికి అది కూడా ఒక కారణం.

ఆ పదహారుమందిలో ఒక పాపకు ఐదేళ్ళు. సన్నగా, కొంచెం మొండిగా ఉండేది. మిగతా పిల్లలు బెలూన్ వెంట పరిగెత్తుతుంటే, ఈ పాప అది ఎక్కడికి దిగుతుందో అక్కడికి ముందే వెళ్ళి నిలబడేది. దిగగానే ఎడంచేత్తో తట్టేది. బెలూన్లు పోయి స్పాంజి బంతులు వచ్చాక కూడా అంతే. బ్యాటు ఎడంచేతిలో పుట్టినట్టుండేది. నేను అన్నేళ్ళు పెద్దవాళ్ళ ఆట చూశాను. కలెక్టర్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, ఎందరెందరో. బంతి కన్నా ముందు వెళ్ళి నిలబడటం వాళ్ళలో ఎవరికీ నేర్పలేకపోయాను. అది నేర్పితే వచ్చేది కాదు.

పాపను రోజూ వాళ్ళ తాతగారు తీసుకొచ్చేవారు. రావులపాలెం దగ్గర అరటి తోటలున్న రైతు. పిల్లల చదువుల కోసం రాజమండ్రిలో ఇల్లు కట్టి స్థిరపడ్డారు. క్లబ్బు కమిటీలో ఆయన మాటకు విలువుండేది. చెడ్డవారు కాదు. ఈ మాట ముందే చెప్పాలి. తోట నుంచి కాయ వచ్చినప్పుడల్లా చక్కెరకేళి అరటిపళ్ళ అత్తాలు రెండు తెచ్చి, ఆట అయ్యాక పిల్లలందరినీ వరసలో నిలబెట్టి తలా ఒకటి ఇచ్చేవారు. మా పనివాళ్ళ పిల్లలు వచ్చినా అదే వరసలో నిలబెట్టేవారు.

మనవరాలి వంతు వచ్చేసరికి పాప ఎడంచెయ్యి చాపేది. ఆయన పండు వెనక్కి తీసుకునేవారు.

"ఏ చెయ్యి?"

పాప ఆలోచించేది. ఈలోగా వెనకున్న పదిహేనుమందీ ఒకే గొంతుతో "ఆ చెయ్యి కాదూ!" అని అరిచేవారు. వాళ్ళకదొక ఆట. పాప కుడిచెయ్యి చాపేది. పండు చేతిలో పడేది. పాప నవ్వేది కాదు.

ఒకరోజు ఆయన నన్ను వరండా దగ్గరకు పిలిచారు. పేకాట దగ్గర కూర్చున్న నలుగురూ వింటున్నారు.

"ఏమయ్యా మార్కరూ, మా దాన్ని ఎడంచేత్తో ఆడిస్తున్నావేంటి?"

"నేను ఆడించట్లేదండి. పాప వాటమే అటండి."

"వాటం ఏంటయ్యా! పట్టించుకోకపోతే అదే అలవాటవుద్ది. అన్నం దగ్గర వాళ్ళ నానమ్మ ఆ చేతికి సాక్సు తొడిగి కూర్చోబెడుతోంది. ఇంట్లో మేం తొడుగుతుంటే ఇక్కడ నువ్వు విప్పేస్తున్నావు."

"టెన్నిస్‌లో ఎడంచేతి వాటం వరమండి. అవతలివాడికి బంతి ఎటు తిరుగుద్దో ఓ పట్టాన అందదండి. పిల్లల చెయ్యి బలవంతంగా మార్చకూడదని నేను చదివిన పుస్తకంలో..."

"ఆ పుస్తకం రాసినాయన మా ఇంటికి భోజనానికొస్తాడా?"

పేకాట దగ్గర నవ్వులు. ఒకాయన ముక్కలు సర్దుకుంటూ "వస్తే ఏ చేత్తో తింటాడో చూడాలండీ!" అన్నాడు.

"అది కాదయ్యా," తాతగారు గొంతు తగ్గించారు. "రేపు దీనికి పెళ్ళయ్యి, అత్తారింట్లో ఎడంచేత్తో వడ్డిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. అప్పుడు నీ పుస్తకం అడ్డమొస్తుందా? పిల్ల బాధపడుద్దనే కదా మా తాపత్రయం."

ఆయన నిజంగానే అన్నారు. ఐదేళ్ళ పిల్ల బెలూన్ కొడుతుంటే ఇరవై ఏళ్ళ తర్వాతి వడ్డన కనబడింది ఆయనకు. నేను నవ్వలేదు. నవ్వే హోదా కాదు నాది. "చూద్దాం లెండి" అని వచ్చేశాను.

ఆ వారంలోనే ఒకరోజు పాపను తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. ప్రభుత్వ పాఠశాలలో టీచరు. స్కూటీ స్టాండు వేసి, వల దగ్గర నిలబడి కూతురి ఆట చాలాసేపు చూసింది.

"బాగా ఆడుతోందా అండి?"

"అందరికన్నా బాగా ఆడుతోందమ్మా."

"ఇంట్లో మావయ్యగారి మాటకి ఎదురుండదండి. నేను అడ్డం చెప్తే నీ పోలికే, నువ్వే నేర్పావంటారు." కూతురి మీంచి చూపు తిప్పకుండా అంది. "నేనూ ఎడంచేతి దాన్నేనండి. మా నాన్నగారు మార్పించారు. ఇప్పుడు కుడిచేత్తోనే రాస్తాను. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కూడాను. కానీ ఇప్పటికీ బోర్డు మీద రాయడానికి చాక్‌పీసు తీస్తే ఒక్క క్షణం ఆగాలండి, ఏ చేత్తోనా అని."

ఆమె నా వైపు తిరిగింది.

"మీరు ఏం చెయ్యక్కర్లేదండి. ఇక్కడున్న గంటసేపు దాని చెయ్యి దాన్ని వాడుకోనివ్వండి, చాలు."

నేను చేతిసంచీలోంచి నోటుపుస్తకం తీశాను. పిల్లల చెయ్యి మార్చకూడదని రాసుకున్న పేజీ తెరిచి, నేను చేసుకున్న అనువాదం ఆమెకు చదివి వినిపించాను. ఆమె తలూపుతూ వింది. ఒక టీచరు నేను చదువుతుంటే వింటోంది! నా కోర్టులో పాప చెయ్యి ఎవరూ ముట్టుకోరని మాటిచ్చాను. ఆ సాయంత్రం సైకిలు మీద ఇంటికి వెళ్తుంటే, చదివిన చదువు ఇన్నాళ్ళకు ఒకరికి పనికొచ్చిందనుకున్నాను.

వానలు మొదలయ్యాక కమిటీలో కొత్త ఆలోచన వచ్చింది. మూడో కోర్టు చుట్టూ వల బిగించి, లైట్లు పెట్టి బాక్స్ క్రికెట్‌కి ఇస్తే కుర్రకారు ఎగబడతారని. పిల్లల టెన్నిస్ ఎత్తేస్తారట. ఆ మాట నాతో నేరుగా ఎవరూ చెప్పలేదు. టీ కప్పులు తీసుకెళ్ళే అబ్బాయి చెప్పాడు. నేను తాతగారి దగ్గరకు వెళ్ళాను. కమిటీలో ఆయన అడ్డుపడితే ఆగుతుంది. ఇంకెవరి వల్లా ఆగదు.

వరండాలో పేము కుర్చీలున్నాయి. మేం వాటిలో కూర్చోకూడదు. ఆయన మాత్రం "కూచో ఫర్వాలేదు" అన్నారు. నేను కూర్చోలేదు.

"పదహారుమంది పిల్లలండి. ఇప్పుడిప్పుడే బంతి అందుతోందండి."

"నాకు తెలుసయ్యా. నేను రోజూ చూస్తున్నాను కదా." కాసేపు గడ్డం రుద్దుకున్నారు. "సరే. కమిటీలో నేను మాట్లాడతాను. నువ్వు నాకో పని చేసిపెట్టు. పిల్ల నా మాట వినట్లేదు, నానమ్మ మాటా వినట్లేదు. ఇంట్లో కూడా మాస్టారు అలా అన్నారు, మాస్టారు ఇలా అన్నారు అంటుంది. నువ్వు చెప్తే వింటుంది."

ఆయన నన్ను మాస్టారు అనలేదు. మనవరాలు అంటుందని చెప్పారు, అంతే. అయినా ఆ మాట నాకు ఎక్కింది. "అలాగేనండి" అన్నాను.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళాను. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. నా పుస్తకం చెయ్యి మార్చొద్దంది. మార్చొచ్చని చెప్పే పుస్తకం ఏదైనా ఉందేమోనని వెతకడానికి వెళ్ళాను. మూడు రోజులు వెతికాను. దొరికింది. పాతకాలం నాటి బాలశిక్షణ పుస్తకం. బెదిరించకుండా, కొట్టకుండా, ఆటగా మారిస్తే నష్టం లేదని అందులో ఎవరో పెద్దాయన రాశారు. ఆ రెండు పేరాలూ చక్కగా నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. గ్రంథాలయంలో వెతికితే మనకు కావలసిన మాట ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పదహారుమంది పిల్లల కోర్టు ముఖ్యమా, ఒక పిల్ల చెయ్యి ముఖ్యమా అని లెక్క కూడా వేసుకున్నాను. ఎక్కువమంది మేలు గురించి ఇంకేదో పుస్తకంలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. చదువు లేనివాడైతే తప్పు చేస్తున్నానని ఊరికే తెలుసుకుని చేసేవాడు. నేను ఆధారాలతో చేశాను.

పాపను కూర్చోబెట్టి, చిన్న స్పాంజి బంతి ఒకటి ఎడంచేతిలో పెట్టాను.

"ఇది కోడిగుడ్డు. నీ ఎడంచెయ్యి కోడి. పొదగాలి. వదిలేస్తే చితికిపోతుంది. కోడి గుడ్డు మీద కూర్చుంది కాబట్టి ఇక ఆడలేదు కదా. కుడిచేత్తో ఆడదామా?"

"పిల్ల ఎప్పుడొస్తుందండీ?"

"వచ్చినప్పుడు చెప్తాలే."

ఐదేళ్ళ పిల్లకు ఆ మాట ఎంతో మనకు తెలియదు. పాప ఆ బంతిని ఇంటికి తీసుకెళ్ళింది. అన్నం తినేటప్పుడు పట్టుకుంది. పడుకునేటప్పుడు పట్టుకుందట. నానమ్మ సాక్సు తొడగడం మానేసింది. తాతగారు మెచ్చుకున్నారు. "చూశావా, నీకు చేతనైన పనే! ఊరికే పుస్తకాలంటావు." ఆ రోజు పండు ఇచ్చేటప్పుడు పాప మొదటే కుడిచెయ్యి చాపింది. వెనకున్న పిల్లలకు అరిచే పని లేకపోయింది.

కుడిచేత్తో పాపకు బంతి తగిలేది కాదు. తగిలినా వలలోకి పోయేది. అది మామూలే, కొన్నాళ్ళకు వస్తుందని ఎదురుచూశాను. రాకపోగా ఇంకోటి పోయింది. బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి ముందే వెళ్ళి నిలబడటం మానేసింది. అందరిలా బంతి వెనక పరిగెత్తేది. ఆ తర్వాత పరిగెత్తడమూ మానేసింది. వరసలో తన వంతు వస్తే వెనకున్నవాణ్ణి ముందుకు తోసేది.

"నువ్వు ఆడవా అమ్మా?"

"వాళ్ళు ఆడతారండి. నేను గుడ్డు చూసుకుంటాను."

అప్పుడైనా ఆపెయ్యాల్సింది. కమిటీ మీటింగు ఇంకా కాలేదు. అయ్యాక ఆపుదామనుకున్నాను.

మీటింగు రెండుసార్లు వాయిదా పడింది. ఒక ఉదయం పిల్లలంతా కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నారు. నేను బంతుల బుట్ట తెద్దామని ప్రాక్టీసు గోడ వైపు వెళ్ళాను. పాప అక్కడ ఒంటరిగా ఉంది. గుడ్డు బంతిని జాగ్రత్తగా చేతిరుమాలు మీద పెట్టి, వేరే బంతిని ఎడంచేత్తో గోడకు కొడుతోంది. బంతి తిరిగొచ్చే చోటుకు ముందే వెళ్ళి నిలబడుతోంది. మూడు, నాలుగు, ఐదు. నేను లెక్కపెట్టాను. వరసగా ఏడుసార్లు. ఐదేళ్ళ పిల్ల, ప్లైవుడ్ బ్యాటుతో. ఎనిమిదోసారి నన్ను చూసింది. బ్యాటు కింద పడేసింది. ఎడంచెయ్యి వీపు వెనక దాచుకుంది.

"నేను కాదండీ," అంది.

ఇంట్లో నానమ్మ దగ్గర, తాత దగ్గర దాచుకున్న చెయ్యి. ఇప్పుడు నా దగ్గర కూడా దాచుకోవాల్సి వచ్చింది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. గుడ్డు పిల్లయిపోయిందని, ఇక పొదగక్కర్లేదని, నీ ఇష్టమొచ్చిన చేత్తో ఆడుకోవచ్చని చెప్పాను. పాప రుమాలు మీదున్న బంతి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల ఎక్కడా లేదు. నా ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పేవాణ్ణి పిల్లలు ఎలా చూస్తారో అలాగే చూసింది. బంతిని మళ్ళీ ఎడంచేతిలో పెట్టుకుని వెళ్ళి వరసలో అందరికన్నా వెనక నిలబడింది.

ఆ సాయంత్రం తాతగారికి చెప్పాను. నా వల్ల కాదని, పాప ఆట పాడైపోతోందని.

"ఆటదేముందయ్యా. చెయ్యి మారింది కదా, అది చాలు. మంచి పని చేశావు," అన్నారు. ఆయనకు ఎంత సంతోషంగా ఉందంటే, లేచి నా భుజం తట్టారు.

వాళ్ళమ్మకు కూడా చెప్పాలనుకున్నాను. ఆమెకు అప్పటికే తెలిసింది. కోడిగుడ్డు కథ ఎవరు కట్టారో ఇంట్లో పాపే చెప్పింది. గేటు దగ్గర స్కూటీ ఆపి, ఇంజిను ఆపకుండానే ఒక్క మాట అంది. "ఆ రోజు మీరు చదివిన పేజీ చాలా బాగుందండి." పాపను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. దసరా సెలవుల తర్వాత పాప రాలేదు. ఆసక్తి లేదట, అబాకస్‌లో చేర్పించారట.

కమిటీ మీటింగులో తాతగారు మాట నిలబెట్టుకున్నారు. అడ్డుపడ్డారు. కానీ ఎనిమిదిమంది ఒకవైపు, ఆయనొక్కరూ ఒకవైపు. వానాకాలం వెళ్ళగానే మూడో కోర్టులో గుంజలు పాతారు. చేపల వల విప్పి నేనే చుట్ట చుట్టాను. పదిహేనుమంది పిల్లల్లో నలుగురు వేరే కోచింగులకు వెళ్ళారు. మిగతావాళ్ళు మానేశారు. ఏ కోర్టు కోసం ఆ చెయ్యి ఇచ్చేశానో ఆ కోర్టు కూడా మిగల్లేదు. మిగిలి ఉంటే తప్పు ఒప్పయ్యేదా? కాదు. కానీ మిగిలి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కానేమో. అది ఇంకా ఘోరం.

ఇదంతా జరిగి ఏడేళ్ళు. సావనీరు చదివాక వాళ్ళింటికి వెళ్ళాను. అన్నేళ్ళలో వెళ్ళడం అదే మొదటిసారి. వాళ్ళమ్మ తలుపు తీసి, గుర్తుపట్టి, లోపలికి రమ్మంది. కుర్చీ వేసింది. పాపకు ఇప్పుడు పన్నెండేళ్ళు. బల్ల దగ్గర లెక్కలు చేస్తోంది. కుడిచేత్తో.

"నేనెవరో తెలుసా అమ్మా?"

"అమ్మ చెప్పిందండి. టెన్నిస్ మాస్టారు."

"నీ చెయ్యి మార్చింది నేనేనమ్మా. చెప్పడానికే వచ్చాను."

పాప వాళ్ళమ్మ వంక చూసి, నా వంక చూసింది. "నాకేం గుర్తులేదండి. నాకు అసలు ఆటలు రావు కదండీ. చిన్నప్పట్నుంచీ అంతే. స్కూల్లో కూడా నన్ను స్కోరు రాయమంటారు."

క్షమాపణ అడగడానికి మాటలు కూర్చుకుని వెళ్ళాను. అవి అక్కడ పనికిరాలేదు. జరిగింది గుర్తులేని పిల్లను ఏమని క్షమించమనాలి? తనకు ఆట రాదని నమ్ముతోంది. నా వల్ల రాకుండా పోయిందని కూడా తెలియదు. పుట్టుకతోనే రాదనుకుంటోంది. గోడ దగ్గర సంగతి చెప్పాను. వరసగా ఏడుసార్లు కొట్టావని, నేను లెక్కపెట్టానని.

"ఊరికే అంటున్నారు," అని నవ్వింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు మెచ్చుకుంటే పిల్లలు నవ్వే నవ్వు.

"ఒట్టమ్మా."

"ఐదేళ్ళప్పుడా? ఎవరైనా చూశారా అండి?"

నేనొక్కణ్ణే చూశాను. ఆ మాట చెప్పాను. అయితే రాసిస్తానన్నాను. వాళ్ళమ్మ ముందుకొచ్చింది. "రాయండి," అంది. "అంతా రాయండి. మాది కూడా."

పాప పెన్సిలు బుగ్గకు ఆనించి ఆలోచించింది. "రాస్తే రాయండి గానీ నా పేరు రాయకండి. స్కూల్లో ఏడిపిస్తారు."

అందుకే ఇందులో ఎవరి పేర్లూ లేవు. పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పాలని ఉన్నా, ఒకరి పేరు దాచి మిగతావాళ్ళవి రాయడం న్యాయం కాదు. కాబట్టి నేను పిలిచే పిలుపులతోనే చెప్తాను.

అట్ట లేని పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించలేక, "చదివేసి ఇక్కడే పెట్టెయ్, ఎవరికీ చెప్పకు" అని ఏడు నెలలు నా కోసం బీరువా తాళం తీసిన గ్రంథాలయం అటెండరు బాబాయి గారికి కృతజ్ఞతలు. పిల్లల చేతులు కొలవందే బ్యాట్లు కొయ్యనని పట్టుబట్టి, పదహారు చేతులూ కొలుచుకున్న వడ్రంగి అన్నయ్యకు. కాకినాడ నుంచి వల మోసుకొచ్చిన నా తోటి పనివాడు తమ్ముడికి. ఈ కాగితాలు చదివి తప్పులు దిద్దిన మా చర్చి ఆదివారం బడి టీచరమ్మ గారికి. మా పిల్లలకు, పదహారుమందికీ, పనివాళ్ళ పిల్లలకు కూడా వరసలో చోటిచ్చిన తాతగారికి. ఆయన బతికుంటే ఇది చూపించి తిట్లు తినేవాణ్ణి. ఆ భాగ్యం లేదు.

రాసినదంతా చదివి, తన గురించిన ఒక వాక్యం కొట్టెయ్యమన్న పాప వాళ్ళమ్మ టీచరు గారికి. కొట్టేశాను.

పాప ఇంకా చదవలేదు. పరీక్షలయ్యాక చదువుతానంది. ఆమెకు ముందుగానే కృతజ్ఞతలు.